నిమిషానికి నలభై నాలుగు

"లెక్కపెట్టానమ్మా. పెట్టి కూడా, నా లెక్కే తప్పనుకున్నాను. నేను చేసిన నేరం అదొక్కటే."

వెండెలిన్ రూషర్ ఈ మాట అన్నప్పుడు రోర్‌హాఫెన్ పోలీసు స్టేషన్ గోడగడియారం రెండు చూపిస్తోంది. అది ఆరు నిమిషాలు ముందు నడుస్తుందని చీఫ్ ఇన్‌స్పెక్టర్ బుర్గీ నాటర్‌కి ఇరవై ఏళ్లుగా తెలుసు. సరిచేయించమని ఇరవై ఏళ్లుగా చెబుతోంది కూడా. తన పుస్తకంలో 1.54 అని రాసుకుంది.

ఎదురుగా కూర్చున్న మనిషికి అరవై మూడేళ్లు. సరస్సు మీద ఆడే ఒపేరా ఉత్సవానికి ముప్పై వేసవులుగా ఆయనే పెద్ద డైవర్. నిన్నటిదాకా ఊళ్లో ఆయనకి టోపీ తియ్యనివాడు లేడు. ఇవాళ ఆయన నడుము బెల్టూ, బూట్ల లేసులూ ఊడబెరికి, ఆదివారం పూట ఒక చెక్క కుర్చీలో కూలేశారు.

నిన్న శనివారం ఆటలో, మూడో అంకం చివర, రాణి బురుజు మీంచి సరస్సులోకి దూకింది. దూకి మాయమవ్వాలి. ఏడు వేలమంది ప్రేక్షకుల్లో ఒక్కరికి కూడా ఆమె మళ్లీ తేలడం కనిపించకూడదు. పాడే రాణి ఎలాగూ దూకదు, ఆవిడ తెరవెనక పొడిగా నిలబడి మైకులో పాడుతుంది. దూకేది అదే గౌను కట్టిన వేరే అమ్మాయి. గౌను కింద నడుముకి పన్నెండు కిలోల సీసం పటకా. నీళ్లు తగలగానే రాయిలా మునుగుతుంది. అడుగున డైవర్ కాచుకుని ఉంటాడు, నోటికి గాలిగొట్టం అందిస్తాడు, గౌను కిందినుంచి చెయ్యి పోనిచ్చి వీపు మీది కొక్కెం లాగి పటకా ఊడదీస్తాడు, చెయ్యి పట్టుకుని నీళ్లలోంచే వేదిక వెనక్కి తీసుకుపోతాడు. ఏటా ఇదే వరస.

నిన్న 10.41కి దూకిన అమ్మాయి పేరు యిట్కా. చెక్ దేశంలోని బ్ర్నో నుంచి వచ్చింది. అడుగున ఎవరూ లేరు.

"లేరనకండి. ఉన్నాను," అన్నాడు వెండెలిన్. "గట్టు వైపు ఉన్నాను. ఆ పిల్ల లోతు వైపు దూకింది."

బుర్గీ ఆ ఊళ్లోనే పుట్టింది కనక ఆమెకి ఇంకేం విప్పి చెప్పక్కర్లేకపోయింది. రేవు గోడ చివర నారింజరంగు దీపం ఉంది. నిమిషానికి నలభైసార్లు మిణికితే గాలి వస్తోందని, జాగ్రత్త అని. తొంభైసార్లు మిణికితే తుపాను, నీళ్ల మీదున్న ప్రతి ప్రాణీ మారుమాట లేకుండా గట్టెక్కాలి. దీపం వెలగకపోతే రాణి బురుజుకి అవతల లోతు వైపు దూకుతుంది. నలభై మిణుకుతుంటే ఇవతల అలలు తగలని గట్టు వైపు. ఇన్ని తీగలూ మైకులూ తెరలూ ఉన్న ఆ వేదిక మీద ఈ ఒక్క సంగతి మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పరు. దీపమే చెబుతుంది. పైన దూకే పిల్ల చూస్తుంది, కింద డైవర్ తన గూట్లోంచి చూస్తాడు, ఇద్దరూ ఒకే వైపుకి వెళతారు.

"నిన్న మీకు దీపం వెలుగుతూ కనిపించింది."

"మిణుకుతోంది. కళ్లారా చూశాను."

"యిట్కాకి కనిపించలేదు."

"కనిపిస్తే అటెందుకు దూకుతుందమ్మా, మంచి పనిమంతురాలు."

"కేసు చూస్తున్న మా మేజర్‌కి చెప్పారా?"

"చెప్పాను. నవ్వాడు. ఎన్ని గ్లాసులయ్యాక వెలిగింది తాతా అన్నాడు. నీళ్లలోకి దిగేముందు చలికి ఒక్క చిన్న గ్లాసు వేస్తాను. ముప్పై ఏళ్లుగా వేస్తున్నాను. ఒక్కటే."

"లెక్క సంగతి?"

"అది చెప్పలేదు. ఆ నవ్వు చూశాక చెప్పబుద్ధి కాలేదు." వెండెలిన్ తన చేతుల కేసి చూసుకున్నాడు. "నలభై రావాలి. నలభై నాలుగు వచ్చింది. మళ్లీ పెట్టాను. మళ్లీ నలభై నాలుగే. దీపం తప్పదు కదా. నా గడియారమో, నా వయసో, ఏదో తప్పిందనుకున్నాను. నలభై అని సరిపెట్టుకుని దిగిపోయాను."

బుర్గీ '44' అని రాసి చుట్టూ గీత గీసింది.

"ఇంకొక్క మాట," అన్నాడు. "యిట్కా లేదు కనక ఇవాళ దూకేది మా థెక్లా. రాత్రి తొమ్మిదింటికి ఆట. ముందుగా ఐదింటికి ఒకసారి దూకి చూస్తారు. కింద కాస్పర్ ఉంటాడు. మంచివాడే, పదకొండేళ్లు నా వెనకే తిరిగాడు, నా కుడిచెయ్యి లాంటివాడు. కానీ నేను చూసిన దీపం ఏమిటో తేలేదాకా నా కూతుర్ని ఆ నీళ్లలోకి పంపకండమ్మా. నన్నెన్నాళ్లు కూర్చోబెట్టినా కూర్చుంటాను. అది మాత్రం ఆపండి."

ఆయన చెవుల కేసి చూసింది బుర్గీ. ఎందుకు చూసిందో ఆమెకే తెలీదు. మామూలు రంగులోనే ఉన్నాయి.

వరండాలోకి వచ్చి రేవు ఆఫీసుకి ఫోన్ చేసింది. అక్కడ దీపం మీట హిల్డెగుండ్ చేతిలో ఉంటుంది. ఇద్దరూ బళ్లో ఒకే బెంచీ.

"నిన్న రాత్రి దీపం వెలిగించావా?"

"ఏమే బుర్గీ, ఎలా ఉన్నావని అడగవా? లేదు. ఆకు కదల్లేదు నిన్న. గాలి లేకుండా వెలిగించడానికి నాకేమన్నా పిచ్చా? కిందటిసారి అలా వెలిగించినవాడు ఇప్పుడు పడవ రేవులో టిక్కెట్లు చింపుతున్నాడు."

"నలభై కాకుండా నలభై నాలుగు మిణుకుతుందా ఎప్పుడైనా?"

"నీ వంటగదిలో గడియారం లాంటిదనుకున్నావా? నలభై అంటే నలభై."

ఫోన్ పెట్టేసేసరికి మేజర్ ఎగోన్ డ్యూన్సర్ ఎదురొచ్చాడు. కొత్త టై. సాయంత్రం టీవీవాళ్లు వస్తున్నారని ఆ టై ఊరంతటికీ చెబుతోంది. తొమ్మిదేళ్ల కిందట బుర్గీ దగ్గరే పని నేర్చుకున్నాడు. అది ఆమె మర్చిపోదు, అతను గుర్తుంచుకోడు.

"మేడమ్, భోజనం అయిందా? కేసు కూడా అయిపోయింది. రేపు ఎనిమిదింటిదాకా ఇది నా కేసు, ఆ తర్వాత మీ చేతికి అప్పజెప్పేస్తాను, పూలదండ వేసి."

"దూకి చూడటం ఆపించు ఎగోన్."

"ఎందుకు? తాగిన ముసలాయన లోపలున్నాడు. బయట తాగనివాడు డ్యూటీ ఎక్కాడు. ఉత్సవ కమిటీ ఇవాళ్టి ఆట యిట్కా స్మృతికి అంకితం కూడా చేసింది."

"దూకి చచ్చిపోయిన పిల్ల స్మృతికి ఇంకో పిల్లని దూకించడం. పూలకంటే చవక."

ఎగోన్ నవ్వలేదు. చేతిలో ఫైలు తట్టాడు. "వేదిక వెనక పనిచేసేవాళ్లు అరవై ఒక్కమంది. 10.41కి ప్రతివాడూ ఎక్కడున్నాడో నా దగ్గర రాతపూర్వకంగా ఉంది. అందరికీ సాక్షులున్నారు. ఒక్క వెండెలిన్‌కి తప్ప."

"కాస్పర్ మెట్స్‌లర్?"

"రక్షణ పడవలో. ఇద్దరు పడవవాళ్లు పక్కనే ఉన్నారు. 10.44కి నీళ్లలోకి దూకాడు, 10.56కి అమ్మాయితో పైకొచ్చాడు. అతనే లేకపోతే శవం కూడా దొరికేది కాదు."

"ఎక్కడ దొరికింది?"

"పడ్డచోటికి నాలుగు మీటర్లు. లోతు ఐదు."

"నాలుగు మీటర్లు వెతకడానికి పన్నెండు నిమిషాలా?"

"చీకటి, మేడమ్."

"డైవర్‌కి నెత్తిన దీపం ఉంటుంది. మా ఇంట్లో పోయిన సూదిని అంతకంటే తొందరగా వెతుకుతాను."

"అందుకే మిమ్మల్ని అందరూ ఇంట్లో ఉండమంటున్నారు," అన్నాడు ఎగోన్. అని, తన మాట తనకే ఎక్కువైందనిపించిందేమో, టై సర్దుకుంటూ వెళ్లిపోయాడు.

రేవు గట్టు మీదికి వచ్చేసరికి 3.35. గాలి లేదు. ఉక్క. సరస్సు నూనె పోసినట్టుంది, పక్షి కూడా అరవడం లేదు. గట్టు రాళ్లు తవ్వి మళ్లీ పరుస్తున్నారు, మనుషులు పడకుండా ఎరుపూ తెలుపూ పలకలు ఐదు అడ్డం పెట్టారు. నాలుగింటి మీద రాత్రి వెలిగే హెచ్చరిక దీపాలున్నాయి. ఐదో దానికి లేదు. బుర్గీ చూసింది, చూసి నడిచిపోయింది. ఆ ఊళ్లో ఏ పని సగంలో ఆగలేదు గనక ఇది ఆగకూడదు?

గట్టు నుంచి వేదికకి మూడువందల మీటర్ల చెక్కవంతెన. కావలివాడు తలుపు తీశాడు. "ఐదుంపావు దాకా మళ్లీ తియ్యం మేడమ్, పావు తక్కువ ఐదుకి తాళం. లోపలుంటే లోపలే, బయటుంటే బయటే," అన్నాడు.

బట్టల గదిలో థెక్లా గౌను తొడుక్కోకుండా ఒళ్లో పెట్టుకుని అంచు చూసుకుంటోంది. ఇరవై ఆరేళ్లు. చలికాలం బళ్లో పాఠాలు చెబుతుంది, ఎండాకాలం బురుజు మీంచి దూకుతుంది. రెంటిలో ఏది ప్రమాదమని అడిగితే బడే అంటుందట.

"నాన్న అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి," అంది మొదటి మాటగా. "ఎర్రబడ్డాయా?"

"లేదు."

"మరింకేం?"

"ఇవాళ దూకద్దు, అమ్మాయ్. మీ నాన్న అడగమన్నాడు."

"నేను దూకకపోతే, నాన్న తాగి నిద్రపోయాడని నేనే ఒప్పుకున్నట్టు. ఊరంతా అదే అనుకుంటుంది. దూకుతాను. దూకి, నాన్న గూట్లోకి నేనే వెళతాను. ఆ నలభై నాలుగు ఎక్కడినుంచి వచ్చిందో చూస్తాను."

బుర్గీ తల ఎత్తింది. "ఆ లెక్క నీకెలా తెలుసు?"

"తెల్లారి తీసుకుపోతున్నప్పుడు నాన్న చెప్పాడు."

"నువ్వెవరికి చెప్పావు?"

"ఎవరికి చెబుతాను? పొద్దున క్యాంటీన్లో కాస్పర్ మావయ్యకి చెప్పాను. ముందు దూకు, తర్వాత ఇద్దరం కలిసి వెతుకుదాం అన్నాడు. పాపం, దిగులుతో చీజ్ నూడుల్స్ అలాగే వదిలేసి లేచిపోయాడు."

రోర్‌హాఫెన్‌లో పుట్టినవాడు వేయించిన ఉల్లిపాయలతో సహా చీజ్ నూడుల్స్ పళ్లెంలో వదిలేసి లేచాడంటే జ్వరమైనా ఉండాలి, ఇంకేమైనా ఉండాలి. బుర్గీ పెన్సిలు ముల్లు నాలికకి తగిలించి ఆ మాట కూడా రాసుకుంది.

తలుపు తట్టి కాస్పర్ మెట్స్‌లర్ లోపలికి వచ్చాడు. నలభై నాలుగైదేళ్లుంటాయి, గుండు, మెత్తటి గొంతు. చేతిలో సీసం పటకా. అది బిగించేది కింద కాచుకునే డైవరే, ఇంకెవరూ ముట్టుకోకూడదు. విప్పే చెయ్యే బిగించాలని అక్కడ కట్టుబాటు.

"చెయ్యెత్తు తల్లీ," అన్నాడు. బుర్గీకి అడ్డంగా నిలబడి బిగించాడు. ఎంతసేపో పట్టింది. తర్వాత కుట్టుపనావిడ వచ్చి మీదుగా గౌను తొడిగి, వీపు మీద నాడాలు లాగి ముడులు వేసేసింది. పటకా ఇక ఎవరికీ కనిపించదు.

"కాస్పర్, ఆ గూడు చూపిస్తావా?"

"దానికేం మేడమ్, రండి. కాఫీ తాగుతారా?"

4.17. వేదిక అడుగున నిచ్చెన దిగితే సిమెంటు గది. ఒక బల్ల, కింద నల్లటి నీళ్లు. అవతల గోడలో నిలువుగా జానెడు సందు. నీళ్ల దారిలోంచి ఆ సందుకి నాలుగు మీటర్లు.

"దీపం ఇందులోంచే చూసేవాడా వెండెలిన్?"

"అవునండీ. అదే సందు."

"ఇప్పుడు రేవు కనిపించడం లేదే."

"లోపల చీకటి కదండీ." అతను నిచ్చెన మీద ఒక కాలు పెట్టి ఆగాడు. "నీళ్లు ఛాతీ లోతుంటాయి, జారుడు. బల్ల దిగకండి. నేను సామాను తొడుక్కోవాలి." అతని అడుగులు పైన చెక్కల మీద దూరమయ్యేదాకా విని బుర్గీ టార్చి వెలిగించింది.

బయట నాలుగింటి ఎండ. లోపల చీకటైతే బయటి వెలుతురు ఇంకా బాగా కనిపించాలి. సందులో వెలుతురు లేదు. నలుపు. కొత్త నల్లగుడ్డ.

బూట్లు విప్పి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. పొద్దున ఇస్త్రీ చేసుకున్న లంగా కేసి ఒక్కసారి చూసి, నీళ్లలోకి దిగింది. మంచులా కోసింది. గోడ పట్టుకుని సందు దాకా పోయింది. గుడ్డ మూలన వడ్రంగులు అంటించిన చీటీ ఉంది: 'గురువారం. ప్రేక్షకులకి రేవు కనిపిస్తోంది. మూసేశాం.'

గురువారం, శుక్రవారం వాన. రెండు రోజులూ ఆట సరస్సు మీద కాదు, గట్టున హాల్లో ఆడారు. హాల్లో బురుజూ లేదు, దూకడమూ లేదు, డైవర్‌తో పనీ లేదు. అంటే వెండెలిన్ బుధవారం తర్వాత మళ్లీ ఇక్కడికి దిగింది శనివారం రాత్రే. ఎప్పుడూ దీపం కనిపించే చోట అతనికి దీపం కనిపించింది. రేవు గోడ మీది దీపం మాత్రం కాదు. అది గుడ్డకి అవతల ఉంది. అతను చూసింది గుడ్డకి ఇవతల.

టార్చి పైకెత్తింది. సందు పైన అడ్డదూలానికి ప్లాస్టిక్ కట్టు ఒకటి, తెంపిన తోక. నారింజరంగు. తెగినచోట తెల్లగా, కొత్తగా ఉంది.

ఈ మూలకి పొడికాళ్లతో రాలేరు. నీళ్లలోంచి రావాలి. ఈ నీళ్లలోకి దిగేవాళ్లు ఇద్దరు. ఒకడు తనని తాను మోసం చేసుకోడానికి దీపం కట్టుకోడు.

బూట్లు చేత పట్టుకుని ఆమె వంతెన మీద పరిగెత్తింది. యాభై నాలుగేళ్లకి, తడి బట్టల్లో, దాన్ని పరుగు అనడం మర్యాదకే. కావలివాడు ఆమె వెనకే తాళం వేశాడు. 4.45.

ఆ కట్టు రంగు ఎక్కడ చూసిందో గుర్తొచ్చింది. గట్టు మీద తవ్వినచోట ఐదు పలకలు. నాలుగింటికి దీపాలు, నారింజరంగు ప్లాస్టిక్ కట్లతో. ఐదోదానికి తెంపిన కట్టు. పగలు అవి వెలగవు. పక్కన చిన్న గాజు కన్ను ఉంటుంది, చీకటి పడితే అదే వెలిగించుకుంటుంది. బుర్గీ ఒక దీపం కంటిని అరచేత్తో మూసింది.

దీపం మిణికింది.

ఎడమచేతి గడియారం చూస్తూ లెక్కపెట్టింది. ఒక నిమిషం. నలభై నాలుగు.

చెయ్యి తీయలేదు. అప్పుడు ఆమెకి చలి వేసింది, తడి వల్ల కాదు. ముందే కట్టి పెడితే చాలు, ఆ గూటి చీకట్లో దీపం దానంతటదే వెలుగుతుంది. 10.41కి ఎవరు ఎక్కడున్నారన్న ఎగోన్ కాగితాలు అరవై ఒక్కటీ పొయ్యిలో పెట్టొచ్చు. కానీ దాన్ని తీసేయాలి కదా, అందరూ వెతకడానికి రాకముందే. ఆ చీకట్లో నీళ్లలోకి దిగే హక్కు ఎవరికుంది? 10.44కి దిగాడు, 10.56కి వచ్చాడు. ముందు దీపం దగ్గరికి ఈదాడు. కట్టు తెంపాడు. ఆ తర్వాతే అమ్మాయి దగ్గరికి. అప్పటికి ఆమె నాలుగు మీటర్ల దూరంలో, నోట్లో గాలి లేకుండా, వీపు మీది కొక్కెం అందక...

"మేడమ్, మీ లంగా కారుతోంది," అన్నాడు వెనక నుంచి ఎగోన్. టీవీవాళ్లు కెమెరా కాళ్లు విప్పుతున్నారు.

"నీ వైర్‌లెస్ ఇవ్వు. దూకడం ఆపాలి. కాస్పరే."

"ఏమిటి కాస్పరే?"

"ఈ దీపం లెక్కపెట్టు. నలభై నాలుగు. ఇలాంటిదే వెండెలిన్ గూట్లో కట్టాడు. పదకొండేళ్లు రెండోవాడిగా ఉన్నాడు. ముసలాయన పరువు తీస్తే చాలనుకున్నాడో, పిల్ల చచ్చినా పరవాలేదనుకున్నాడో నాకు తెలీదు. పొద్దున థెక్లా అతనితో నలభై నాలుగు అని చెప్పింది. దూకాక గూడు వెతుకుతానంది. ఇప్పుడు ఆమె అతని చేతుల్లోకే దూకబోతోంది."

ఎగోన్ దీపం కేసి చూశాడు, కెమెరా కేసి చూశాడు. "రోడ్డు దీపం చూపించి ఉత్సవం ఆపమంటారా? నవ్వుతారు మేడమ్."

"నవ్వనీ."

"నన్ను చూసి నవ్వుతారు."

సరిగ్గా అప్పుడే గట్టు పొడవునా ఉన్న స్పీకర్లు మోగాయి. వాద్యగాళ్లు హాలు లోపల ఎక్కడో కూర్చుని వాయిస్తారు, సంగీతం మాత్రం సరస్సు అంతా పరుచుకుంటుంది. మూడో అంకం ముగింపు. పెద్ద మోత వచ్చినప్పుడు దూకాలి. దానికి నాలుగు నిమిషాలు. బురుజు మీద తెల్లగౌను కనిపిస్తోంది. వంతెనకి తాళం. అరిస్తే తన అరుపు తనకే వినపడదు.

ఎగోన్ ఇంకా ఏదో అంటున్నాడు. బుర్గీ వెనక్కి తిరిగి, ఇరవై అడుగుల దూరంలో ఉన్న రేవు ఆఫీసులోకి దూరింది.

హిల్డెగుండ్ రేగుపండు రంగు ఉన్నితో మేజోడు అల్లుతోంది. "ఏమిటే ఈ అవతారం?"

"తొంభై వెలిగించు."

"గాలేదీ?"

"వస్తుంది."

"ఎక్కడినుంచి, నీ నోట్లోంచా? బుర్గీ, నా ఉద్యోగం—"

"థెక్లా బురుజు మీద ఉంది. కింద ఉన్నవాడే యిట్కాని చంపాడు. ఆ పిల్లని ఆపగలిగేది ఈ భూమ్మీద నీ దీపం ఒక్కటే. వెండెలిన్ కూతురే, హిల్డె. దీపం వెలిగితే అది వాళ్ల నాన్న మాట కూడా వినదు, దీపం మాటే వింటుంది."

హిల్డెగుండ్ అల్లిక సూదులు ఒళ్లో పెట్టింది. కిటికీలోంచి ఆకాశం చూసింది. గోడ మీది బారోమీటర్ చూసి ఒకసారి వేలితో తట్టింది. ముఖంలో ఏదో మారింది. మీట కిందికి లాగింది.

రేవు గోడ చివర దీపం కొట్టుకోవడం మొదలెట్టింది, జ్వరం వచ్చిన గుండెలాగ.

బురుజు అంచున థెక్లా రెండు చేతులూ పైకెత్తింది. సంగీతం ఎక్కుతోంది. ఆడవాళ్లిద్దరూ కిటికీ అద్దానికి ముఖాలు ఆనించారు. మోత పడింది. పళ్లు అదిరేంత మోత.

తెల్లగౌను కదల్లేదు.

ఆమె తల రేవు వైపు తిరిగి ఉంది. ఇంత దూరం నుంచి పెదవులు కనిపించవు, కానీ లెక్కపెడుతోందని బుర్గీకి తెలుసు. పావు నిమిషం. చేతులు దించింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

నిన్న ఆ దీపాన్ని నమ్మే తండ్రి తప్పు చోటికి ఈదాడు. ఇవాళ ఆ నమ్మకమే కూతుర్ని బురుజు మీద నిలబెట్టింది. స్పీకర్లలో సంగీతం తెగిపోయి, "అందరూ గట్టుకి, అందరూ గట్టుకి," అని విసుగ్గా ఎవరిదో గొంతు వచ్చింది.

5.11కి థెక్లా గౌను పైకెత్తి పట్టుకుని వంతెన మీద నడిచి వచ్చింది. వంతెన చివర పడవలు కట్టే చెక్కతిన్నె మీద బుర్గీ, ఎగోన్ ఉన్నారు. టీవీవాళ్లని ఎగోనే దూరంగా నిలబెట్టాడు.

"తుపానెక్కడ? ఎండ కాస్తోంది," అంది థెక్లా కోపంగా.

"అటు తిరుగు." బుర్గీ ముడులు విప్పింది. కుట్టుపనావిడ ముడులు రాక్షస ముడులు. ఆఖరి నాడా జారేసరికి పటకా కనిపించింది. లాగితే ఊడాల్సిన కొక్కేన్ని బొటనవేలంత వెడల్పు ప్లాస్టిక్ కట్టు చుట్టేసి ఉంది. ఒకటి కాదు, రెండు. నారింజరంగు.

ఎగోన్ ముందుకొచ్చాడు. వంగి చూశాడు. చెయ్యి పెట్టి లాగాడు. కదల్లేదు. నిటారుగా నిలబడేసరికి అతని ముఖంలో రంగు లేదు. తొమ్మిదేళ్ల కిందట మొదటి శవాన్ని చూసిన రోజున అచ్చం ఇలాగే ఉన్నాడు.

"చాకుందా?" అంది బుర్గీ.

"జేబులు ఉబ్బెత్తుగా కనిపిస్తాయని అన్నీ కార్లో పెట్టేశాను."

"చక్కగా ఉన్నావు. వెళ్లి పట్రా. కాస్పర్ ఎక్కడ?"

"నీళ్లలోనే ఉన్నాడు మేడమ్. 4.55కి దిగాడు. మోత అయ్యాక పైకి రావాలి." అతను గడియారం చూసుకున్నాడు. "రాలేదు. సీసాలో నలభై నిమిషాల గాలి ఉంటుందట."

"పైకి రాడు. తల బయటపెట్టి దీపం చూసి ఉంటాడు. ఆకాశం కూడా చూసి ఉంటాడు. గాలి లేకుండా దీపం ఎందుకు వెలిగిందో ఈ ఊళ్లో అతనికంటే బాగా ఇంకెవడికి అర్థమవుతుంది? పరిగెత్తు. పడవలన్నిట్నీ పంపించు. వెండెలిన్‌ని వదిలెయ్యి."

ఎగోన్ పరిగెత్తాడు. గట్టు మీద అతని బూట్ల చప్పుడు దూరమైంది.

బుర్గీ జేబులో ఫోన్ మోగింది. హిల్డెగుండ్.

"ఆర్పేద్దామనుకున్నానే. ఆర్పక్కర్లేదు. అవతలి గట్టు కనిపించడం లేదు చూడు. నిజంగానే వస్తోంది."

పడమట సరస్సు మీద నల్లగీత ఒకటి వెడల్పవుతోంది. మొదటి చల్లటి గాలి థెక్లా గౌనుని ఎగరేసింది. వదులైన నాడాలు కొట్టుకున్నాయి. తిన్నె అంచున నిలబడి ఆమె రెండు చేతులతో గౌను అణుచుకుంటోంది. పన్నెండు కిలోల సీసం ఇంకా నడుముకే ఉంది.

"నాన్నని వదిలేస్తారా? నిజంగా?" అంది. 

 బుర్గీ చెక్కల సందుల్లోంచి కిందికి చూస్తోంది.

అల ఇంకా రాలేదు. తిన్నె కింద నీళ్లు నిశ్చలంగా, నల్లగా ఉన్నాయి. ఆ నలుపులో, తిన్నె అవతలి కొసన, వెండినాణెంలాంటి బుడగ ఒకటి తేలి పగిలింది. దాని వెనక ఇంకోటి. తర్వాత గుత్తి. మెల్లగా, ఒక చెక్క తర్వాత ఒక చెక్క దాటుకుంటూ, తెల్లగౌను నీడ పడినచోటికి వస్తున్నాయి.

"థెక్లా," అంది బుర్గీ, సూపు చల్లారిపోతోందని పిలిచే గొంతుతో. "మాట్లాడకు. కిందికి చూడకు. అంచు వదిలి నా వైపు ఒక్కడుగు వెయ్యి."

వేలాడుతున్న గౌను నాడాలు బుర్గీ తన రెండు చేతులకీ రెండేసి చుట్లు చుట్టుకుని, కాళ్లు ఎడం చేసి నిలబడింది.

సరిగ్గా వాళ్ల పాదాల కింద, ఎవరో ఊపిరి బిగబట్టినట్టు, బుడగలు ఆగిపోయాయి.